పైకి కనబడే పేజీ

బైండింగ్ షెడ్డులో ఆమెను అందరూ మెట్లక్క అంటారు. మెట్లంటే ఇష్టమని కాదు. అద్దె ఇల్లు రెండో అంతస్తులో ఉంది కాబట్టి ఎక్కేటప్పుడు ఆమె మెట్లను తిడుతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు ఆమెను తిడతాయి. ఆ పేరు వేరే మెట్ల వల్ల వచ్చింది.

పుస్తకం అచ్చయ్యాక పెద్ద కాగితాలను మడతపెడతారు. ఒక్కో మడత పదహారు పేజీలు. దాన్ని ఫారం అంటారు. ఒక్కో ఫారం వీపు మీద ఒక నల్ల గీత ఉంటుంది. మొదటి ఫారానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. ఫారాలన్నీ వరసగా పేర్చి పక్కనుంచి చూస్తే ఆ గీతలు మెట్లలా దిగుతూ కనబడతాయి. ఒక ఫారం తప్పిపోయినా, ఒకటే రెండుసార్లు పడినా మెట్టు విరుగుతుంది. ఆ మెట్టు విరగకుండా చూసుకోవడమే ఆమె ఉద్యోగం. పొడవాటి బల్ల మీద ఫారాల దొంతరలు వరసగా ఉంటాయి. ఆమె ఈ చివర మొదలుపెట్టి ఒక్కో దొంతర నుంచి ఒక్కో ఫారం తీసుకుంటూ నడుస్తుంది. ఆ చివరికి చేరేసరికి చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. వీపు తిప్పి మెట్లు చూసి, దాన్ని కుట్టు మిషను పక్కన పెట్టి, మళ్ళీ ఈ చివరికి వస్తుంది. అలా ఎన్ని పుస్తకాలు నడిచిందో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పెడితే కాళ్ళు వినేస్తాయని భయం.

ఆ పనిలో కుర్చీ లేదు. కుర్చీ ఉన్నది మూల, జిగురు డబ్బా దగ్గర. అట్టకూ పుస్తకానికీ మధ్య తెల్ల కాగితం అతికించేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. పాత చెక్క కుర్చీ, దాని మీద ఎవరో వదిలేసిన దిండు. నడుస్తూ నడుస్తూ మెట్లక్క ఆ దిండు వంక చూసే చూపు గమనించి, కుట్టు మిషను మీద పనిచేసే ఆవిడ నవ్వేది. ఆవిణ్ణి అందరూ కుట్టు వదిన అనేవాళ్ళు, మెట్లక్క కూడా.

"అంత ఆశగా మా అన్నయ్య వంకైనా చూశావా ఎప్పుడైనా?" అనేది వదిన.

"మీ అన్నయ్య మీద కూర్చోలేం కదా వదినా," అనేది మెట్లక్క, ఆగకుండానే.

ఆ అన్నయ్య, అంటే మెట్లక్క భర్త, దూరాలు తిరిగే బస్సుకు డ్రైవరు. పెళ్ళయినప్పటి నుంచీ ఇల్లు అతనికి రెండు డిపోల మధ్య వచ్చే ఒక స్టాపు. వచ్చేవాడు, తినేవాడు, నిద్రపోయేవాడు, వెళ్ళిపోయేవాడు. ఇంకొన్నాళ్ళకు రిటైరయి ఇంటిపట్టున ఉంటాడనగా, ఒకరోజు స్టీరింగు ముందు కాక, అదృష్టవశాత్తూ అద్దం ముందు, గడ్డం చేసుకుంటుండగా కుడి పక్క పడిపోయింది. ప్రాణం దక్కింది. మాట నెమ్మదిగా, ముద్దగా తిరిగి వచ్చింది. కర్ర పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా నడవగలడు. అక్షరాలు మాత్రం తిరిగి రాలేదు. పేపరు ముందు పెడితే అక్షరాలు కుదురుగా నిలబడవనీ, పిల్లల్లా అటూ ఇటూ పరిగెడతాయనీ చెప్పేవాడు. టీవీ పెడితే తలనొప్పి. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద డ్రైవర్లను తిడుతూ కాలక్షేపం చేసేవాడు. ఎడమ చెయ్యి తిన్నగానే ఉంది కాబట్టి ఆ తిట్లకు తగిన సైగలు కూడా ఉండేవి. కింది వాటా పెద్దావిడ మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసిపోయేది.

ఆ తొలిరోజుల్లోనే ఒక సాయంత్రం అతను అడిగాడు.

"ఈ రోజు... ఏం పుస్తకం?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతని నోట రావడం అదే మొదలు. ఆమె గిన్నె తోముతూ, నిలబడే ఏదో చెప్పబోయింది. "ఊహూఁ. కూర్చో," అన్నాడు. "నిలబడి చెప్తే... తిడుతున్నట్టుంటుంది." చెయ్యి కడుక్కుని వచ్చి మంచం అంచున కూర్చుంది. అతను ఎడమ కాలితో ముక్కాలి పీటను ఆమె వైపు తోశాడు. "కాళ్ళు పైన పెట్టు. పడిపోయేలా కూర్చుంటే... నాకు కంగారు." రోగం వచ్చాక మనిషికి చాదస్తం పెరిగిందనుకుంది. పెట్టింది. చెప్పింది. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. అది ఇక మందుల్లాగే రోజువారీ వ్యవహారమైపోయింది.

ఇంతకీ ఆమె చెప్పేదేమిటి? అక్కడే ఉంది తిరకాసు. అంత కాలంగా పుస్తకాల మధ్య తిరిగిన మనిషి ఒక్క పుస్తకం కూడా పూర్తిగా చదవలేదు. దొంతరలో పైకి కనబడేది ఫారంలో మొదటి పేజీ ఒక్కటే. ఆఖరి పేజీ అడుగున పడుతుంది, మిగతావి మడతల లోపల ఉంటాయి. పుస్తకం కుట్టి, అట్ట వేసి, కత్తిరించే మిషను కింద పెడితేనే ఆ మడతలు విడతాయి. అప్పటికి అది ఆమె చెయ్యి దాటి పోతుంది. అంచేత ఆమెకు తెలిసిన ప్రతి కథలోనూ ఒక పేజీ ఉండి, ఆ తర్వాత పదిహేను పేజీలు ఉండవు. ఒక పేజీలో పెళ్ళికొడుకు నవ్వుతుంటాడు, తర్వాతి పేజీలో వాడి పిల్లలు పోట్లాడుకుంటుంటారు. పేజీ సగం వాక్యంతో మొదలై సగం వాక్యంతో ఆగుతుంది. ఇక పుస్తకం చివరి పేజీ పైకి రావడమన్నది ఆమె ఎరగదు. మధ్యలో ఖాళీలన్నీ ఆమే పూడ్చుకోవాలి. ముగింపులన్నీ ఆమే పెట్టుకోవాలి. బల్ల చుట్టూ నడుస్తూ అదే పని. ఇతనికి సాయంత్రం ఏం చెప్పాలి, ఆ పడవ ఎందుకు మునిగింది, ఆ చెల్లెలు ఎక్కడికి పోయింది.

మొదట్లో బాగానే ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ అది కూడా ఒక బరువైంది. పగలంతా నడవాలి. మెట్లెక్కాలి. అతనికి స్నానం, దుప్పట్లు, వంట, గిన్నెలు. ఒళ్ళు హూనమై, ఇక పడుకుంటే చాలు అనుకునే వేళకు మంచం మీంచి ఆ ముద్ద గొంతు: "ఎక్కడిదాకా... వచ్చింది?" ఆ మాట వినగానే ఆమెకు ఏడుపొచ్చేది. ఈ మనిషి పగలంతా కూర్చునే ఉన్నాడు, నేను పగలంతా నిలబడే ఉన్నాను, మళ్ళీ నేనే ఇతనికి కబుర్లు చెప్పాలి, ఇదెక్కడి న్యాయం అని మనసులో తిట్టుకునేది. పైకి మాత్రం ఏమీ అనేది కాదు. అతనికి ఇక మిగిలింది అదొక్కటేననీ, అది కూడా లేకపోతే గోడవైపు తిరిగి పడుకుంటాడనీ ఆమె నమ్మకం. వెళ్ళి కూర్చుని, కాళ్ళు పీట మీద పెట్టుకుని, మొదలుపెట్టేది. గిన్నెలు నానుతూ ఉండేవి.

"గిన్నెలు... ఎక్కడికీ పోవు," అనేవాడు.

"పోతే బాగుండు," అనేది.

ఆ ఏడాది షెడ్డుకు ఒక పెద్ద పని వచ్చింది. పుస్తకాల కంపెనీ వాళ్ళు నాలుగు పుస్తకాలు కలిపి ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారట. ఎవరికి ఏది నచ్చుతుందో తెలియనప్పుడు కానుకగా ఇచ్చుకోవడానికి. ఒకటి నవల, ఒకటి యాత్రల పుస్తకం, ఒకటి వ్యాపారం ఎలా చెయ్యాలో చెప్పేది, ఒకటి సైన్సు. నాలుగూ ఒకే కొలత, ఒకే కాగితం, ఒకే అక్షరం, పేజీలు కూడా ఇంచుమించు అన్నే. ప్రెస్సు సారుకు ఆ పని దొరికిందని ఎంత సంబరమో, తేదీలోగా ఇవ్వాలని అంత కంగారు. ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఇంకో చేత్తో "కానివ్వండి, కానివ్వండి" అని సైగ చేస్తూ షెడ్డంతా తిరిగేవాడు. బల్ల మీదికి ఇవాళ నవల వస్తే రేపు సైన్సు, ఎల్లుండి మళ్ళీ నవల, ఆ పైన యాత్రలు. ఏది ముందు అచ్చయి వస్తే దాన్ని పట్టాలి.

డ్రైవరుకు మాత్రం పండగే. ఒకేసారి నాలుగు పుస్తకాలు. నవలలో ఒకావిడ రేవు దగ్గర లాడ్జి నడుపుతుంది. ఎవరో మనిషి గది తీసుకుని, పెట్టె వదిలి, మాయమైపోయాడు. ఆవిడ ఆ పెట్టె తెరవాలా వద్దా అని సగం పుస్తకం ఆలోచిస్తుంది. యాత్రల పుస్తకంలో ఒకాయన పనీపాటా వదిలేసి, కనుచూపు మేర తెల్లగా ఉప్పు పేరుకున్న నేల మీద ఒంటరిగా నడుస్తుంటాడు. వ్యాపారం పుస్తకం రాసినాయన మూడు కొట్లు పెట్టి మూడూ ముంచి, నాలుగోదాంతో ఒడ్డున పడ్డాడు. ప్రతి పేజీలోనూ నీతి బోధే. సైన్సు పుస్తకం లోహాల గురించి. ఇనుముకు కూడా అలసట ఉంటుందట. ఒక్కసారి పెద్ద బరువు వేస్తే తట్టుకుంటుంది, చిన్న బరువు రోజూ వేసి తీసి వేసి తీస్తుంటే, ఎక్కడో లోపల జుట్టంత పగులు పుడుతుందట. అది పైకి కనబడదు. ఒకనాడు ఏ బరువూ లేనప్పుడు టప్పున విరుగుతుంది.

అది చెప్పినప్పుడు డ్రైవరు మంచం మీద లేచి కూర్చున్నంత పని చేశాడు. "నిజం! నా బండి బరువు మోసే కమాను పట్టీ... ఎత్తుల్లో విరగలేదు. చదును రోడ్డు మీద... డిపో గేటు ముందు విరిగింది. అందరూ నన్నే అన్నారు." ఆ పాత అభాండం ఇన్నేళ్ళకు మాసిపోయినందుకు ఎడమ సగం మొహంతో నవ్వాడు. కుడి సగం నవ్వదు కదా. మెట్లక్క ఆ ఇనుము గురించి ఇంకాస్త ఆలోచించింది గానీ, ఆ మాట అతనితో అనలేదు.

అలసట ఎక్కువైనకొద్దీ ఆమె నోట్లో నాలుగు పుస్తకాలూ కలిసిపోవడం మొదలైంది. లాడ్జి ఆవిడ పెట్టె తెరిస్తే అందులో ఉప్పు కనబడింది. మూడు కొట్లు ముంచినాయన లాడ్జిలో దిగి, ఆవిడకు గదుల అద్దె పెంచమని సలహా ఇచ్చాడు. ఉప్పు మీద నడిచేవాడి బూటు మేకు అలసిపోయి విరిగింది. డ్రైవరు దేనికీ అభ్యంతరం పెట్టలేదు. "పెంచిందా?" అని మాత్రం అడిగేవాడు.

ఒక్కచోట తగులుకున్నాడు. ఉప్పు మీద నడిచేవాడికి ఐదో ఫారం మొదటి పేజీలో సీసా ఖాళీ అయింది, నాలుక పిడచకట్టుకుపోయింది. ఆరో ఫారం మొదటి పేజీలో వాడు ఏదో ఊళ్ళో, అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"మధ్యలో నీళ్ళు ఎవరిచ్చారు?"

"ఎవరో ఇచ్చారు."

"ఎవరో అంటే... ఎవరు?"

"దారినపోయేవాళ్ళు."

"అక్కడ దారే లేదన్నావు."

"నాకేం తెలుసండీ, నేనేమైనా వాడి పక్కన నడిచానా!" అని విసురుగా లేచిపోయింది. గిన్నెలు ఆ సాయంత్రం గట్టిగా చప్పుడు చేశాయి. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె భయపడ్డది సరిగ్గా అదే. నీళ్ళు ఎవరో ఇచ్చారనడానికి ఒక ముసలాడినో ఒక లారీనో పుట్టించడం ఎంతసేపు? మామూలుగా అయితే కళ్ళు మూసుకుని పుట్టించేది. ఆ రోజు బుర్రలో ఒక్క చుక్క మిగల్లేదు. మనసంతా కలతగానే నిద్రపోయింది.

మర్నాడు బల్ల మీద నవల ఉంది. మధ్యాహ్నానికి నవల ఐదో ఫారం దొంతర తరిగిపోయింది. కొత్త కట్ట తేవడానికి గోడ దగ్గరి అరల దగ్గరికి వెళ్ళింది. పై అర నవలది, దాని కింది అర యాత్రలది. చెయ్యి తిన్నగా పై అరకు వెళ్ళాల్సింది. కింది అరకు వెళ్ళింది. యాత్రల ఐదో ఫారం కట్ట తీసి, తాడు విప్పి, పై ఫారం వెనక్కి తిప్పి ఆఖరి పేజీ చూద్దామనుకుంది. అందులో లేకపోతే మడత సందులోంచి లోపలికి తొంగి చూద్దామనుకుంది. నీళ్ళు ఎవరిచ్చారో తెలిస్తే చాలు. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. అది కిందికి దించుకునేలోపే కుట్టు వదిన కేక వేసింది.

"మెట్లక్కా, మిషను ఖాళీగా తిరుగుతోంది, సారు వస్తున్నాడు!"

గబగబా వెళ్ళింది. చేతిలో ఉన్న కట్టను బల్ల మీద ఐదో ఫారం జాగాలో పెట్టింది. నడక మొదలుపెట్టింది. పుస్తకం చేతికి రాగానే వీపు తిప్పి చూసింది. మెట్లు చక్కగా దిగుతున్నాయి. దిగకేం, నాలుగు పుస్తకాలకూ ఐదో ఫారం గీత ఒకేచోట ఉంది. పైన పేజీ ఏమిటో చూడనేలేదు. నవల మొదటి పేజీలన్నీ అప్పటికే ఆమెకు కంఠతా వచ్చు.

ఆ కట్ట అయిపోయేదాకా లాడ్జి ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి వేసినప్పుడల్లా పుస్తకం ఉప్పు నేలలోకి పోయింది.

పెట్టెలు అంగళ్ళకు వెళ్ళిపోయాయి. చాలా రోజులకు కబురొచ్చింది. ఇద్దరు ముగ్గురు అది కొత్త రకం నవలేమో అనుకుని మెచ్చుకున్నారట కూడా. మిగతావాళ్ళు అంత పెద్దమనసు చూపలేదు. పుస్తకాల కంపెనీ వాళ్ళు పెట్టెలన్నీ వెనక్కి తిప్పి పంపారు. ఫోనులో వాళ్ళన్న మాటలు సారు ఎవరికీ చెప్పలేదు గానీ, చెవి మాత్రం ఎర్రగా ఉంది.

మెట్లక్కను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. కేకలేస్తాడనుకుంటే వెయ్యలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది.

"నువ్వేనా అక్కా, ఇది చేసింది? ఇంకెవరైనా కట్ట మార్చారా?"

"నేనే సార్."

"ఎలా?"

ఏం చెబుతుంది? ఉప్పు మీద నడిచేవాడికి నీళ్ళు ఎవరిచ్చారో మా ఆయన అడిగాడండీ అని చెప్పడం ఎలా? "కంటికి ఆనలేదు సార్," అంది. అది కూడా నిజమే. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది మరి.

సారు కాసేపు బల్ల వైపు చూశాడు. "నువ్వు అలిసిపోయావక్కా. నాకు ముందే కనబడాల్సింది. ఇక బల్ల దగ్గర వద్దు. రేపటి నుంచి మూల కూర్చుని ముందు ఆ చెడిపోయినవి విప్పు. తర్వాత జిగురు పని చూసుకో. జీతం అలాగే ఉంటుంది, కంగారు పడకు."

ఇన్నాళ్ళూ ఆశపడిన కుర్చీ. శిక్షగా దొరికింది. ఎవరైనా ఎగిరి గంతెయ్యాలి. ఆమె మాత్రం గంతెయ్యలేదు. మూల కూర్చుంటే చేతికొచ్చేది తెల్ల కాగితాలు, ఉత్త అట్టలు. వాటి మీద ఒక్క అక్షరం ఉండదు. సాయంత్రం ఆ మంచం అంచున కూర్చుని ఏం చెబుతుంది? జిగురు ఎండిందనా?

చెడిపోయిన పుస్తకాలు విప్పడానికి చాలా రోజులు పట్టింది. అట్ట ఊడదీసి, కుట్టు కోసి, ఫారాలు వేరు చెయ్యాలి. అవి కత్తిరించిన పుస్తకాలు కాబట్టి అన్ని పేజీలూ విడి ఉన్నాయి. కావాలంటే నవల మొత్తం చదవొచ్చు. ఆఖరి పేజీ చేతిలోకి వచ్చింది. చుట్టూ చూసి, కళ్ళజోడు దించుకుని చదివింది. లాడ్జి ఆవిడ చివరికి పెట్టె తెరవలేదు. వీధి తలుపు గడియ పెట్టి, దీపం ఆర్పి, వెళ్ళి పడుకుంది. అంతే. కింద "సమాప్తం". మెట్లక్క పెట్టిన ముగింపులో అయితే పెళ్ళి, పడవ, తప్పిపోయిన కూతురు, అన్నీ ఉన్నాయి.

యాత్రల ఐదో ఫారం మాత్రం కుట్టు కోయగానే బోర్లించి పక్కన పడేసింది. అందులో నీళ్ళు ఎవరిచ్చారో రాసే ఉంటుంది. దాని మొహం చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం నవల అసలు ముగింపు డ్రైవరుకు చెప్పింది. ఈమధ్య నీళ్ళ ఊసు ఇద్దరూ ఎత్తడం లేదు.

"పడుకుందా?" అన్నాడు.

"ఆఁ. పడుకుంది."

"మంచి పని చేసింది. ఎంతమందికి... దుప్పట్లు మార్చిందో."

ఆ తర్వాత కొన్నాళ్ళు పాత సరుకుతో నెట్టుకొచ్చింది. ఎప్పటివో కథలు తిరగేసి చెప్పింది. ఒకరోజు చెప్పిన పెళ్ళే మర్నాడు కూడా చేసింది. అతను వింటూనే ఉన్నాడు గానీ కళ్ళు ఆమె మొహం మీదే ఉండేవి. బల్ల దగ్గరికి కొత్తమ్మాయి వచ్చింది. చెవుల్లో పాటలు పెట్టుకుని, పేజీల వంకే చూడకుండా గీతలు చూసుకుంటూ చకచకా నడుస్తుంది. పైకొచ్చిన పేజీలేమిటని ఒకసారి అడిగితే, "ఏమో ఆంటీ, నల్లగా ఏవో అక్షరాలు," అంది. మెట్లక్కకు కోపం రాలేదు. ఆ వయసులో తనకూ అంతే.

చివరికి సరుకంతా అయిపోయింది. ఆ రోజు మెట్లెక్కుతుంటే మోకాళ్ళు తిట్టలేదు, చాలా కాలానికి. రోజంతా కూర్చుంది కదా. మనసు మాత్రం రాయిలా ఉంది. ఈ మనిషికి మిగిలిన ఒక్కటీ నా చేతులారా పోగొట్టాను, ఇవాళ చెప్పేస్తాను, గోడవైపు తిరుగుతాడు, తిరగనీ అనుకుంటూ తలుపు తీసింది.

వంట చేసింది, తినిపించింది, గిన్నెలు పళ్ళెంలో వేసింది. ఎదురుచూసిన మాట వచ్చింది. "ఎక్కడిదాకా... వచ్చింది?"

నిలబడే చెప్పింది. నవలలో ఉప్పు ఎలా కలిసిందో, కట్ట ఎలా మారిందో, సారు ఏమన్నాడో, మూల కుర్చీ ఎప్పుడొచ్చిందో, అంతా. "ఇక నాకు పేజీలు కనబడవు. రోజంతా తెల్ల కాగితమే. చెప్పడానికేం లేదు. అయిపోయింది," అంది.

అతను ఆమె కాళ్ళ వంక చూశాడు. తర్వాత అడిగాడు.

"కుర్చీకి... వీపు ఉందా?"

"ఏమిటీ?"

"ఆనుకోవడానికి. వీపు ఉందా, ఉత్త స్టూలా?"

"ఉంది. దిండు కూడా ఉంది."

"కాళ్ళు... నేలకు ఆనుతున్నాయా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ మీకు కథలే లేకుండా పోయాయని నేను చచ్చిపోతుంటే, కుర్చీ కాళ్ళు, కుర్చీ వీపు! పట్టించుకోరేం?"

డ్రైవరు దుప్పటి అంచు సర్దుకున్నాడు. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు వచ్చాయి.

"నువ్వు కూర్చునేదానివి కాదు. నేను పడిపోయాక... నువ్వు కూర్చోగా నేను చూడలేదు. తిండి కూడా నిలబడే. కూర్చోమంటే తిట్టేదానివి. కథ చెప్పమంటే... కూర్చున్నావు. కాళ్ళు పీట మీద పెట్టుకున్నావు. అందుకని... రోజూ అడిగాను."

మెట్లక్క పీట వంక చూసింది.

"అయితే మీకు కథ అక్కర్లేదా?"

"మొదట్లో అక్కర్లేదు." ఎడమ సగం మొహం కొంచెం నవ్వింది. "తర్వాత అలవాటైంది."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడిచింది. ఈయన కోసమని ప్రతి సాయంత్రం ఓపిక తెచ్చుకుని, మనసులో ఈయన్నే తిట్టుకుంటూ కూర్చుంది. ఈయనేమో ఆమె కోసమని, ఏ లాడ్జి ఏమైపోతే తనకేం గానీ, మాటలు కూడదీసుకుని అడిగాడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఇన్నేళ్ళు అలిసిపోయారు. బల్ల చుట్టూ నడుస్తూ పూడ్చిన ఖాళీలన్నీ గుర్తొచ్చి కోపమొచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తోచలేదు.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే లేచిపోయేదానివి."

అదీ నిజమే. ఏడుపు మధ్యలోనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

అతను ఎడమ కాలితో పీటను ముందుకు తోశాడు. "ఆ ఉప్పు మీదివాడికి నీళ్ళు... ఎవరిచ్చారో చూశావా?"

"లేదు. చూడబుద్ధి కాలేదు."

"అయితే నేను చెప్తా. కూర్చో."

"రోజంతా కూర్చునే వచ్చాను."

"ఇంకాస్త కూర్చో."

కూర్చుంది. కాళ్ళు పీట మీద పెట్టింది. అలవాటు కొద్దీ గిన్నెల వైపు చూసింది, అతను అడ్డంగా తల ఊపాడు.

"వాడు నడుస్తున్నాడు," అన్నాడు. "నాలుక ఎండిపోయింది. అప్పుడు దూరంగా... ఒక బస్సు."

"ఉప్పు మీద బస్సేమిటండీ? దారే లేదు కదా."

"నా కథ ఇది. బస్సు వచ్చింది. డ్రైవరు ఆపాడు. స్టాపు కాదు. అయినా ఆపాడు. సీటు పక్కన... నీళ్ళ డబ్బా ఉంటుంది ఎప్పుడూ. ఇచ్చాడు. తాగాడు వాడు. డ్రైవరు... ఎక్కడికి అని అడగలేదు. ఎక్కు అన్నాడు. కిటికీ పక్క సీటు. వెనక సీట్లో ఆ లాడ్జి ఆవిడ... పెట్టె ఒళ్ళో పెట్టుకుని. ఆవిడా పడుకుంది. నువ్వూ పడుకో, అన్నాడు వాడితో. నువ్వు దిగాల్సిన చోటు వస్తే... నేను లేపుతా."

మాటకూ మాటకూ మధ్య చాలా జాగా ఉంది. ఆ జాగాలో ఎక్కడో మెట్లక్క తల మంచం తలవైపు కమ్మీ మీదికి వాలింది. చేతులు ఒళ్ళో విడిపోయాయి, వేళ్ళ మీద జిగురు తెల్లగా ఎండి ఉంది.

డ్రైవరు ఆగాడు. కథ ఇంకా ఉంది గానీ ఎక్కడిదాకా విన్నదో అతనికి తెలియదు. ఎడమ చెయ్యి చాచి, దుప్పటి అందినంత మేర లాగి ఆమె కాళ్ళ మీద కప్పాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. కింద హారన్లు మోగాయి, రోడ్డు మీద ఎవడో అడ్డంగా బండి పెట్టినట్టున్నాడు. ఆ రోజు వాణ్ణి తిట్టలేదు.